మూడు తన్నులంటే ఎడమ పక్క

మధురానగర్,
జూన్ 12

మామకు దివ్యశ్రీ నమస్తే.

ఈ వారంలో నీకు పద్నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తవు. ఎత్తినా "సిగ్నల్ లేదు బిడ్డా, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. సిద్దిపేట బస్టాండు పక్కన ఇల్లు పెట్టుకుని సిగ్నల్ లేదంటే నేను నమ్మాలి. సరే, పెద్దవాడివి, నమ్మాను. అమీర్‌పేటలో పోస్టాఫీసు ఎక్కడుందో మూడేళ్లుగా ఆ దారినే నడుస్తూ ఇవాళే చూశాను. కవరు కావాలంటే అక్కడి ఆయన, ఉద్యోగానికి అప్లికేషనా అమ్మా అని జాలిగా అడిగాడు.

ఉద్యోగం ఉంది, అది పోకుండా ఉండటానికే ఈ ఉత్తరం. మా ఆఫీసు కోచింగ్ సెంటర్ల గల్లీలో మూడో అంతస్తు అని తెలుసు కదా. అక్కడ మేం ఫోన్లో ఆడే రేసింగ్ గేమ్ చేస్తున్నాం. పేరు గల్లీ గేర్. వీధుల్లో కార్ల పందెం. నిజం డ్రైవింగ్ లాంటిది కాదు, ముందే చెబుతున్నాను, గుండె గట్టి చేసుకో. బ్రేకుతో పనిలేదు. మలుపులో బండిని అడ్డంగా జారనిస్తే పాయింట్లు. ఎదురొచ్చే లారీని వెంట్రుకవాసిలో తప్పించుకుంటే ఇంకా పాయింట్లు. అవన్నీ కూడబెట్టి నైట్రో అని ఒక మీట నొక్కితే కారు వెనక నీలం మంట లేస్తుంది, మెట్రో స్తంభాలు గీతల్లా వెనక్కి పోతాయి, కుర్చీలో కూర్చున్నవాడికి కూడా కడుపులో జారుడుబల్ల మీద జారినట్టు ఉంటుంది. వెనక పోలీసులు. దొరికితే ఆట ఖతం.

ఇందులో నాలుగు దారులున్నాయి. మూడు ఏవో విదేశీ సముద్రతీరాలు. నాలుగోది మైత్రీవనం నుంచి పంజాగుట్ట ఫ్లైఓవర్ దాకా. అది నాది. ప్రతి బోర్డూ, ప్రతి హాస్టల్ పోస్టరూ నేనే గీశాను. శుక్రవారాల్లో కోచింగ్ పిల్లలను పిలిచి ఆడిస్తాం. సముద్రం దారిని ఆరేడుసార్లు ఆడతారు. నా దారిని రెండుసార్లు ఆడి ఆవలిస్తారు. మా బాస్ రఘురామ్ గారిది విజయవాడ, నవ్వుతూనే వాత పెడతారు. "ఏంటి దివ్యశ్రీ, మన రోడ్డు మనవాళ్లకే బోరు కొడుతోంది? ఆగస్టు నెలాఖరు లోపల మూడోసారి ఇవ్వమని వాళ్ల నోటితో అడిగించండి. లేదంటే ఈ దారి తీసేద్దాం," అన్నారు. తీసేస్తే నన్ను బటన్లు గీసే పనిలో వేస్తారు. బటన్లు గీయడం తప్పేం కాదు. కానీ ఈ దారి నేను కన్నబిడ్డ లాంటిది మామా, పోతే తట్టుకోలేను.

ఆ రోడ్డు మీద ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపినవాడివి నువ్వు. అక్కడ ఏం తక్కువైందో నువ్వే చెప్పాలి. నా పాత ఫోన్లో గేమ్ వేసి, జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సుకు పార్సిల్ ఇచ్చాను. అత్తను అడిగానని చెప్పు.

నీ మేనకోడలు,
దివ్యశ్రీ

సిద్దిపేట,
జూన్ 23

చి. దివ్యశ్రీకి కనకయ్య మామ ఆశీస్సులు.

ఫోన్ అందింది. నా బొటనవేలు ఒక్కసారి పెడితే మూడు మీటలు నొక్కుకుంటాయి, అందుకని చూపుడువేళ్లతో ఆడాను. మీ అత్త చూసి, పిండి పిసుకుతున్నవా ఏంది అంది.

మొదటి ఆట సంగతి చెబుతాను, నవ్వకు. మైత్రీవనం దగ్గర పచ్చజెండా ఊపగానే మిగతా మూడు కార్లూ ఎగిరిపోయాయి. నేను హారన్ మీట వెతికాను. లేదు. అమీర్‌పేటలో హారన్ లేకుండా బండి తీయడమంటే ఉప్పు లేని పప్పు తిన్నట్టే. సరేనని బయల్దేరి, అలవాటు కొద్దీ బస్‌స్టాప్‌లో ఎడమకు ఒత్తి ఆపాను. ఎవరూ ఎక్కలేదు. అప్పటికి తెలివి వచ్చి ముందుకు పోయాను. పంజాగుట్ట చౌరస్తాలో ఎర్ర లైటు. ఆగాను. ఎంతకీ పచ్చబడదు. ఎవరో పెద్దమనిషి కాన్వాయ్ పోతున్నదేమో అనుకుని, ఫోన్ బల్ల మీద పెట్టి చాయ్ తాగి వచ్చాను. ఇంకా ఎరుపే. ఇంతలో వెనక నుంచి పోలీసు బండి వచ్చి ధన్‌మని గుద్దింది. పట్టుబడ్డారు, అని తెర మీద వచ్చింది. ఎర్ర లైటు దగ్గర ఆగినవాణ్ణి పోలీసులు గుద్దడం నా సర్వీసులో చూడలేదు.

తర్వాత పదిరోజులు ఆడాను. మీ అత్తకు చెప్పకు, కూరగాయలకని పోయి చింతచెట్టు కింద కూర్చుని కూడా ఆడాను. ఆ నీలం మంట నొక్కినప్పుడు ఈ వయసులో నాకూ కడుపులో జారింది. ఫ్లైఓవర్ మీద ఖాళీ బస్సుతో డిపోకు పోయే రోజుల్లో ఒక్కసారైనా అట్లా తొక్కాలని ఉండేది, తొక్కలేదు. ఇప్పుడు తొక్కాను. సంతోషమనిపించింది.

ఇక తప్పు ఎక్కడుందో చెబుతాను. నీ రోడ్డు మీద బండ్లు బడిపిల్లల వరుసలా పోతున్నాయి. లేదా ఉన్నట్టుండి ఆటో అడ్డం తిరిగి చంపుతున్నది. రెండూ అబద్ధమే. మన ఆటోవాడు చెప్పకుండా తిరగడు దివ్యా. చెప్పేచోట మనం చూడం, అంతే. ఇండికేటర్ చూడకు, అది పొద్దుటి నుంచి కొట్టుకుంటూనే ఉంటుంది. చెయ్యి చూడకు, వాడు సిగరెట్ దులుపుతుంటాడు. ముందు చక్రం చూడు. వాడు తిరగాలని మనసులో అనుకోగానే చక్రం ఇంత పక్కకు ఒరుగుతుంది. దాన్ని చూసినవాడికి సందు ముందే తెలుస్తుంది. కొత్తగా వచ్చిన డ్రైవర్లకు నేను నేర్పిన మొదటి పాఠం ఇదే. సందు దొరకడం అదృష్టం కాదు, చూపు. అది నీ ఆటలో పెట్టు.

మామ

అమీర్‌పేట,
జూలై 15

మామా,

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను, కోప్పడకు. ఆ సిగ్నల్ ఎప్పటికీ పచ్చబడదు. అది వట్టి బొమ్మ. ఏడాదిగా వందలమంది ఆడినా ఒక్కరికీ తెలియలేదు, ఎందుకంటే ఒక్కరూ ఆగలేదు. రఘురామ్ గారు కళ్లనీళ్లు తుడుచుకుంటూ, మీ మామయ్య గారికి నా నమస్కారాలు రాయండి అన్నారు.

చక్రం సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఆటోలకు, బైకులకు, వాటర్ ట్యాంకర్లకు అన్నిటికీ ముందు చక్రం ఒరిగేట్టు చేయడానికి రెండు వారాలు పట్టింది. శుక్రవారం ఆడించాం. మొదటి ఆటలో అందరూ గుద్దుకున్నారు. రెండో ఆటలో హైందవి అనే కోచింగ్ అమ్మాయి ఆటో చక్రం ఒరగడం చూసి, అది కదలకముందే దాని వెనక నుంచి దూరి, ట్యాంకరుకూ డివైడరుకూ మధ్య అద్దం రాసుకుంటూ బయటపడింది. కుర్చీలోంచి లేచి నిలబడింది మామా. నాకు ఒళ్లు పులకరించింది.

అయినా మూడోసారి అడిగింది ఐదుగురే, పద్దెనిమిదిమందిలో. మిగతావాళ్ల బాధ వేరు. ముందున్నది కనిపిస్తోంది, ఎడమ నుంచి, వెనక నుంచి వచ్చినవాడు గుద్దితే మాత్రం ఒళ్లు మండుతోంది. అద్దం పెడితే అంత వేగంలో ఎవరూ చూడరు. అప్పుడు నీ బస్సు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నీ వెనక సీట్లో కూర్చుంటే కండక్టర్ విజిల్‌ని బట్టి నువ్వు తల తిప్పకుండానే అన్నీ చేసేవాడివి. సరేనని విజిల్ పెట్టాను. దండగైంది. హైందవి నిజం చెప్పింది. "మేము సౌండ్ బంద్ చేసే ఆడతం అక్కా. ఎన్క బెంచీల కూసోని ఆడుతుంటే విజిల్ మోగితే సార్ గెటవుట్ అంటడు."

ఇప్పుడు నా బుర్ర పనిచేయడం లేదు. శబ్దం ఉండకూడదు, తల తిప్పకూడదు, ఎడమన ఎవడో దూరాడని తెలియాలి. విజిల్ వినబడని డ్రైవరు ఏం చేస్తాడు మామా? నువ్వే ఏదో ఒకటి చెప్పాలి. ఇంకా ఆరు వారాలే ఉంది.

దివ్య

సిద్దిపేట,
జూలై 21

దివ్యా,
ఉత్తరం అందింది. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. తర్వాత రాస్తాను.
మామ

మధురానగర్,
జూలై 29

మామా,

ఏమైంది? నాలుగు పేజీలు రాసేవాడివి కార్డు ముక్క పంపావు. ఆఫీసులో చదివి నవ్వామని కోపమా? నిజంగా కోపమైతే తిట్టు, పడతాను. అమ్మ నీ మోకాళ్లకని ఇంకో సీసా నూనె పంపుతానంటోంది. రెండేళ్ల కిందట ఆ మోకాళ్ల నొప్పితోనే కదా పని మానేశావు, ఇంకా తగ్గలేదా? గేమ్ సంగతి వదిలెయ్. నువ్వు బాగున్నానని ఒక్క ముక్క రాయి చాలు.

దివ్య

సిద్దిపేట,
ఆగస్టు 4

దివ్యా,

నీ మీద నాకు కోపమెందుకు? నువ్వు అడిగినదానికి జవాబు నాకు తెలుసు. తెలుసు కాబట్టే రాయలేకపోయాను.

విజిల్ వినబడని డ్రైవరు ఏం చేస్తాడని అడిగావు. ఆఖరి ఐదు నెలలు ఆ డ్రైవర్ని నేనే.

ఇరవై రెండేళ్లు ఇంజను పక్కన కూర్చున్నవాడికి చెవులు పోవడం వింత కాదు. ముందు ఎడమది పోయింది, తర్వాత కుడిది మందగించింది. డిపోలో చెప్పవలసింది. చెబితే స్టీరింగ్ పోతుంది. స్టీరింగ్ పోతే నేను ఎవణ్ణి? ఆ భయంతో నోరు మూసుకున్నాను. నా కండక్టర్ రాజమ్మ కనిపెట్టేసింది. ఒకరోజు విజిల్ వేసి వేసి విసిగిపోయి, నా సీటు వెనక రేకును మడమతో తన్నింది. నేను టక్కున బ్రేకు వేశాను. ఆమె నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. మర్నాటి నుంచి విజిల్ జనం కోసం, తన్ను నా కోసం. ఒక తన్నంటే ఆపు. రెండంటే పోనీ. మూడంటే ఎడమ పక్క ఎవడో దూరుతున్నాడు, చూసుకో. ఆమె చేతులు టికెట్లు కొడుతుంటే కాలు నాతో మాట్లాడేది. ఆ దెబ్బ రేకులోంచి సీటులోకి, సీటులోంచి వెన్నులోకి వచ్చేది. విజిల్ కంటే తొందరగా అందేది, నిజం చెబుతున్నాను.

ఒక సోమవారం రాజమ్మ సెలవు పెట్టింది. వేరే కండక్టర్ వచ్చాడు. పంజాగుట్టలో ఒకామె దిగుతున్నది, అతను ఆపమని విజిల్ వేశాడట. నేను కదిలించాను. ఆమె మోకాళ్ల మీద పడింది. దేవుడి దయ, చర్మం గీరుకుపోయింది తప్ప ఏమీ కాలేదు. లేచి వచ్చి నా కిటికీ దగ్గర నిలబడి తిట్టింది. పెదాలు కదలడం చూశాను, మాట వినబడలేదు. ఆ సాయంత్రం బండి డిపోలో పెట్టి, పెద్ద సారుకు చెవుల సంగతి చెప్పి, మర్నాడు పని మానేస్తున్నానని కాగితం ఇచ్చాను. ఊళ్లో మాత్రం మోకాళ్లని చెప్పాను, పడిన ఆమె మోకాళ్లే కళ్లముందు ఉన్నాయేమో. మీ అత్త ఒక్కతికే తెలుసు. ఆమె నాతో అరిచి మాట్లాడుతుంటే మేం రోజూ కొట్లాడుకుంటామని వీధిలో అనుకుంటారు. మీ అమ్మ పంపిన నూనె సీసాలు ఆరు అటక మీద ఉన్నాయి.

సిగ్గుతో ఇది ఎవరికీ చెప్పలేదు. నీ దారి నిలబడుతుందంటే నా సిగ్గు ఎంత? మీ ఫోన్లు చేతిలో వణుకుతాయి కదా, నాకు తెలిసింది అది ఒక్కటే. ఆ వణుకును తన్ను అనుకో. వాడుకో. నా పేరు మాత్రం వద్దు. మీ అమ్మకు అసలే వద్దు. తమ్ముడు బస్సు నడిపితే ఊరు ఊరంతా చూసిందని చెప్పుకున్న మనిషి.

మామ

అమీర్‌పేట,
ఆగస్టు 24

మామా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. లోపలికి పోవడానికి చాలాసేపు పట్టింది. నిన్ను చూసి గర్వపడ్డాను, నీ మీద కోపం కూడా వచ్చింది, రెండేళ్లు ఒక్కడివే మోశావని ఏడుపూ వచ్చింది. అన్నీ ఒకేసారి. పద్నాలుగుసార్లు ఫోన్ చేసి విసుక్కున్నందుకు క్షమించు.

తర్వాత పనిలో పడ్డాను. ఎడమన ఎవడైనా దూరితే ఫోన్ చేతిలో మూడుసార్లు తంతుంది. వెనక పోలీసులైతే ఒకటి. ముందు సందు ఖాళీ అయితే రెండు, అప్పుడు నైట్రో నొక్కితే బాణమే. మొన్న శుక్రవారం పద్దెనిమిదిమంది ఆడారు. సౌండ్ బంద్. గదిలో ఒక్క మాట లేదు. వేళ్లు మాత్రం చూడాలి నువ్వు. మూడు తన్నులు అందిన ప్రతివాళ్ల భుజాలూ ఆ క్షణంలోనే కుడికి ఒరిగాయి. హైందవి కళ్లు ఆటో చక్రం మీద, ఎడమ సంగతి అరచేతుల్లో, మధ్యలో ట్యాంకరు, దాని పక్కనుంచి నీలం మంటతో ఫ్లైఓవర్ ఎక్కేసింది. పద్నాలుగుమంది మూడోసారి అడిగారు. రఘురామ్ గారు సముద్రం దారుల్లో ఒకదాన్ని తీసేసి నాది మొదట పెట్టమన్నారు. నా దారి నిలబడింది మామా.

ఇప్పుడు నేను చేసిన ఒక పని చెప్పాలి. నిన్ను అడగకుండా రాజమ్మ గారిని వెతికాను. ఆమెకు తెలియని రహస్యం కాదు కదా అని ధైర్యం చేశాను. ఇప్పుడు ఆమె మైత్రీవనం స్టాపులో నిలబడి బస్సుల టైములు రాస్తున్నారు, మా ఆఫీసుకు రెండు నిమిషాల దూరం. అన్నం వేళకు పైకి తీసుకొచ్చాను. నీ మేనకోడలినని చెప్పగానే మొదట అడిగింది నీ గురించే. "కనకన్న మంచిగున్నడా? నేను ఫోన్ చేస్తె ఎత్తడు. ఆ దినం నేను సెలవు పెట్టబట్టే గట్లయిందని నా మీద కోపమొచ్చిందేమో అనుకున్న," అన్నారు. రెండేళ్లుగా అలా అనుకుంటున్నారట.

గేమ్ వేసి ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. ఆడటం రాదంటూనే ఆడారు. మన రోడ్డు చూసి గుర్తుపట్టి, ఆ మలుపు దగ్గర గుంత ఏది అని అడిగారు. పంజాగుట్ట దగ్గర ఎడమన ఒక కారు దూరింది. ఫోన్ మూడుసార్లు తన్నింది. ఆమె ఆగిపోయారు. తన కారు పోయి డివైడరుకు తగిలింది, ఆమె చూడనే లేదు. అరచేతుల వైపు చూసుకుంటూ మెల్లగా అన్నారు.

"ఇన్ని దినాలు తన్నుడే గానీ, గటు దిక్కు కూసున్నోనికి ఎట్ల తెలుస్తదో నాకు తెల్వకపాయె."

కొంగుతో కళ్లొత్తుకుని, ఇంకోసారి ఇయ్యి బిడ్డా అన్నారు. ఐదుసార్లు ఆడారు.

ఇక అసలు మాట. ఆట మొదలయ్యే ముందు ఒక తెర వస్తుంది. ఈ తన్నుల ఆలోచన ఎవరిది, ఎలా వచ్చింది అని రెండు వాక్యాలు అక్కడ వేద్దామని రఘురామ్ గారు పట్టుబడుతున్నారు. నేను పేర్లు బయటపెట్టలేదు, తెలిసినవాళ్లు చెప్పారన్నాను. వేస్తే మనవాళ్లందరూ చూస్తారు. అమ్మ ముందు చూస్తుంది. నువ్వు వద్దంటే వద్దు. దారి ఎలాగూ నిలబడింది, నా కోసం నువ్వు ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. సెప్టెంబర్ ఐదులోపు రాయి.

నీ కోడలు,
దివ్య

సిద్దిపేట,
సెప్టెంబర్ 1

చి. దివ్యకు,

నీ దారి నిలబడినందుకు మీ అత్త వీధిలో అందరికీ చక్కెర పంచింది. ఏమైందని అడిగితే ఏం చెప్పాలో తెలియక, మా కోడలు పోలీసులకు దొరకలేదు అని చెప్పింది.

రాజమ్మ సంగతి దగ్గర నా చదవడం ఆగిపోయింది. తప్పు నాది. సెలవు పెట్టడం ఆమె హక్కు, చెవులు దాచడం నా తప్పు. నేను సిగ్గుతో ఫోన్ ఎత్తకపోతే ఆమె అది తన తప్పు అనుకుని మోస్తున్నది. నా సిగ్గు నన్నొక్కణ్ణే తింటున్నదనుకున్నాను. ఆమెకు విడిగా రెండు పేజీలు రాశాను.

పేరు వెయ్యి. ముందు రాజమ్మ పేరు, తర్వాత నాది. చెవులు వినబడని డ్రైవరుకు కండక్టర్ నేర్పిన పద్ధతి అని ఉన్నది ఉన్నట్టు రాయి. గొప్పగా మాత్రం రాయకు. వినబడకుండా బస్సు నడపడం గొప్ప కాదు.

తెర మీద చూసేకంటే ముందు నా నోటితో తెలియాలని మీ అమ్మకు కూడా రాశాను. ఎవరిదో పెళ్లికని నీకు చెప్పి పొద్దున్నే బయల్దేరింది కదా, పెళ్లీ లేదు గిళ్లీ లేదు. ఇక్కడికి వచ్చింది. చెప్పులు విప్పకముందే తిట్లు మొదలుపెట్టింది. మంగళవారం నన్ను పంజాగుట్టలో చెవుల డాక్టరు దగ్గరికి లాక్కొస్తుందట, మీ అత్త ఇప్పుడే కాగితం మీద రాసి చూపించింది. అక్కడి నుంచి మీ ఆఫీసుకు వస్తాను. హైందవితో ఒక పందెం ఆడాలి.

ఇది రాస్తుంటే కూడా అక్క ఎదురుగా నిలబడి తిడుతూనే ఉంది. ఒక్క ముక్క అందడం లేదు. అలవాటు కొద్దీ విన్నట్టు తలూపబోయాను. ఆపుకుని, "వినబడుతలేదక్కా, గట్టిగ చెప్పు," అన్నాను.

చేతులు ఊపడం ఆపేసి నన్ను చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని నా కుడిపక్కన కూర్చుని, మొదటి నుంచి మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.

మామ